ఫొటోలు పోవడం మా పిన్ని తప్పు కాదు

"బ్యాకప్ తీసుకోలేదా ఆంటీ?"

సర్వీస్ సెంటర్ కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. ఫోన్‌లో ఉన్నవాటికి ఇంకోచోట నకలు దాచుకోలేదా అని. మా పిన్ని ఖమ్మంలో ఉంటుంది. రాత్రి ఛార్జింగ్ పెట్టి పడుకుంటే ఫోన్ దానంతటదే అప్‌డేట్ అయింది. పొద్దున లేచి గ్యాలరీ తెరిస్తే ఫొటోలు లేవు, వీడియోలు లేవు. పోయిన వీడియోల్లో బాబాయిది ఒకటుంది. చనిపోవడానికి రెండు నెలల ముందు పెరట్లో మంచం మీద కూర్చుని మనవరాలికి ఎక్కాలు చెబుతూ, ఏడో ఎక్కం దగ్గర తానే తడబడి నవ్వేసిన వీడియో. ఆయన గొంతు పిన్ని దగ్గర మిగిలింది అందులోనే.

ఆ కుర్రాడు మంచివాడు, గంటసేపు కష్టపడ్డాడు. చివరికి కొన్ని థంబ్‌నెయిల్స్ బయటికి తీశాడు. గ్యాలరీలో వరుసగా చూపించడానికి ఫోన్ దాచుకునే తపాలా బిళ్లంత బొమ్మలవి. పెద్దవి చేస్తే చెదిరిపోతాయి. ఒకదాంట్లో బాబాయి నీలం చొక్కా తెలుస్తోంది, మొహం తెలియడం లేదు. మెట్లు దిగుతూ పిన్ని అడిగింది: "బ్యాకప్ అంటే ఏంట్రా? అది చేయకపోవడం నా తప్పేనా?"

కాదు. తప్పు ఆవిడది కానే కాదు. అప్‌డేట్ పెట్టినవాళ్లది.

ఇలా జరగడం కొత్త కాదు. 2001లో ఆపిల్ పాటల సాఫ్ట్‌వేర్ ఐట్యూన్స్ 2ను కంప్యూటర్లోకి ఎక్కించే ఇన్‌స్టాలర్ కొందరి మ్యాక్ కంప్యూటర్లలో డ్రైవ్‌లనే తుడిచేసింది. డ్రైవ్ పేరులో మాటల మధ్య ఖాళీ ఉంటే ఏమవుతుందో ఆ కోడ్ రాసినవాళ్లు ఆలోచించలేదు. కోడ్‌లో ఆ పేరుకి అటూ ఇటూ ఒక జత కొటేషన్ మార్కులు పెట్టి ఉంటే ఎవరి డ్రైవూ పోయేది కాదు. 2020 ఆగస్టులో ఐఫోన్, ఐప్యాడ్‌లకు వచ్చిన, ఫొటోలు దిద్దుకునే యాప్ అడోబీ లైట్‌రూమ్ 5.4 అప్‌డేట్ తర్వాత, క్లౌడ్‌లోకి ఎక్కించని ఫొటోలు కొందరికి కనిపించకుండా పోయాయి. వాటిని తిరిగి తెచ్చే మార్గం లేదని కంపెనీయే ఒప్పుకుంది. 2023లో ఆండ్రాయిడ్ 14 వచ్చాక, ఒకే ఫోన్‌ని వేర్వేరు మనుషులు వాడుకునేలా ఒకటికి మించి యూజర్ ప్రొఫైళ్లు పెట్టుకున్న గూగుల్ పిక్సెల్ ఫోన్ల వాళ్లలో కొందరు తమ ఫొటోలు తామే తెరవలేక అల్లాడారు.

వీటన్నిటికీ మించింది 2018 అక్టోబరులో వచ్చిన మైక్రోసాఫ్ట్ విండోస్ 10 అప్‌డేట్, వెర్షన్ 1809. అక్టోబరు 2న విడుదల చేశారు, వారం తిరక్కుండానే ఆపేశారు. సి డ్రైవ్ నిండిపోతోందని చాలామంది డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లను డి డ్రైవ్‌కి మార్చుకుంటారు. అలా మార్చినప్పుడు పాత చోట కొన్ని ఫైళ్లు మిగిలిపోవచ్చు. అంతకుముందు వెర్షన్‌లో ఇలాంటి వాళ్లకు అదే పేరుతో ఖాళీ ఫోల్డర్లు అదనంగా కనబడుతున్నాయని ఫిర్యాదులొచ్చాయి. సరే, వాటిని తీసేద్దామని 1809లో కోడ్ రాశారు. ఆ కోడ్ పాత చోటున్న ఫోల్డర్‌ని, అందులో ఫైళ్లు ఉన్నాయా లేవా అని చూడకుండా, ఫైళ్లతో సహా తీసేసింది. చెత్త ఊడ్చమంటే బీరువా ఖాళీ చేసినట్టయింది.

ఫోల్డర్ ఖాళీగా ఉందా లేదా అని చూడటం ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలకు కూడా తెలిసిన పని. నన్ను ఎక్కువ కలవరపెట్టింది మాత్రం ఇంకొకటి. విడుదలకు ముందు ఈ వెర్షన్‌ని స్వచ్ఛందంగా పరీక్షించిన యూజర్లలో (వీళ్లని ఇన్‌సైడర్లు అంటారు) కొందరు తమ ఫైళ్లు పోయాయని, మైక్రోసాఫ్ట్‌కి ఫిర్యాదులు రాసే ఫీడ్‌బ్యాక్ హబ్ యాప్‌లో రాశారు. వాటికి మిగతా యూజర్ల ఓట్లు పెద్దగా పడలేదు. ఓట్లు లేని ఫిర్యాదు అడుగున పడిపోయింది. నష్టాన్ని తలలు లెక్కపెట్టి కొలిచారన్నమాట. అంతా అయ్యాక, సమస్య ఎంత తీవ్రమైనదో కూడా రాసే ఏర్పాటు ఫీడ్‌బ్యాక్ హబ్‌లో పెట్టారు. ఆ తొలి రోజుల్లో అప్‌డేట్ అందుకున్నది ఎవరో తెలుసా? 'చెక్ ఫర్ అప్‌డేట్స్' బటన్‌ని తామే వెళ్లి నొక్కినవాళ్లు. కంపెనీని అందరికంటే ఎక్కువ నమ్మినవాళ్లే ముందు దెబ్బతిన్నారు.

దీనికి ఇంజినీర్ల జవాబు నాకు తెలుసు. నా స్నేహితుల్లో సగం మంది గచ్చిబౌలిలో అదే పనిలో ఉన్నారు. అప్‌డేట్లు ఆపితే ఇంకా ప్రమాదం అంటారు. నిజమే. 2017 మేలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వాన్నాక్రై వైరస్ వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి. దాన్ని అడ్డుకునే అప్‌డేట్ మార్చిలోనే విడుదలై ఉంది. 1809 వల్ల ఫైళ్లు పోయాయన్న ఫిర్యాదులు, ఇన్‌స్టాల్ చేసుకున్న ప్రతి పదివేల మందిలో ఒకరి నుంచే వచ్చాయని మైక్రోసాఫ్ట్ చెప్పిన లెక్కనూ కాదనను. కానీ అప్‌డేట్ తప్పనిసరి అన్నప్పుడు దాని మంచిచెడ్డలు చూసుకునే బాధ్యత పెట్టినవాళ్ల మీద ఇంకా పెరగాలి కదా! తప్పనిసరి చేసేది వాళ్లు, జాగ్రత్త పడాల్సింది మాత్రం పిన్నేనా?

ఇక్కడే బ్యాంకు లాకర్ల సంగతి చెప్పాలి. నా వాదనకు ఇంతకంటే బలమైన ఆధారం లేదు.

లాకర్లో మీరేం పెట్టుకున్నారో మాకు తెలియదు, పోతే మాకు సంబంధం లేదు అని బ్యాంకులు దశాబ్దాల పాటు అన్నాయి. కోల్‌కతాలో ఒక ఖాతాదారు కట్టాల్సిన అద్దె కట్టేసినా, బ్యాంకు ఆయనకు నోటీసు కూడా ఇవ్వకుండా లాకర్ పగలగొట్టింది. ఏడు నగలుండాల్సిన చోట రెండే ఉన్నాయని ఆయన కోర్టుకెక్కాడు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, బ్యాంకులు ఇలా చేతులు దులుపుకోవడం కుదరదని తేల్చి, ఆ బ్యాంకు ఆయనకు 5 లక్షలు చెల్లించాలంది. ఆరు నెలల్లో నిబంధనలు తెమ్మని రిజర్వ్ బ్యాంకును ఆదేశించింది. 2022 జనవరి 1 నుంచి, బ్యాంకు నిర్లక్ష్యం వల్లో సిబ్బంది మోసం వల్లో లాకర్లోవి పోతే ఏడాది అద్దెకు వంద రెట్ల వరకు బ్యాంకు బాధ్యత వహించాలి.

లోపల ఏముందో చూడకపోవడం, చెప్పకుండా తెరవడం, పోయాక మాకు తెలియదనడం. ఫోన్‌లోనూ, కంప్యూటర్లోనూ జరుగుతున్నది ఇదే. ఇక విండోస్ 10 లైసెన్స్ ఒప్పందం తీసి చదవండి. ఏ నష్టం జరిగినా మనం రాబట్టుకోగలిగేది ఆ సాఫ్ట్‌వేర్‌కి కట్టిన ధర వరకే. ఉచితంగా వచ్చినదైతే 50 డాలర్లు. లాకర్‌కి వంద రెట్లు, జీవితమంతా దాచుకున్న ఫొటోలకు ఇంతేనా?

యూరప్ ఈ విషయంలో ముందడుగు వేసింది. వస్తువు లోపానికి తయారుచేసినవాళ్లను బాధ్యుల్ని చేసే కొత్త నిబంధన, ప్రోడక్ట్ లయబిలిటీ డైరెక్టివ్‌ని 2024లో తెచ్చింది. అది సాఫ్ట్‌వేర్‌ని కూడా వస్తువుగానే లెక్కగట్టింది. లోపమున్న వస్తువు వల్ల మనిషి సొంత డేటా నాశనమైనా, పాడైనా అది పరిహారం ఇవ్వాల్సిన నష్టమేనని స్పష్టంగా రాసింది. సభ్యదేశాలు 2026 డిసెంబరు 9 కల్లా తమ చట్టాల్లో దీన్ని చేర్చాలి. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనూ ప్రోడక్ట్ లయబిలిటీ అధ్యాయం ఉంది. వస్తువు లోపం వల్ల వేరే ఆస్తికి జరిగిన నష్టం అందులోకి వస్తుంది. డేటా ఆస్తి అవునా కాదా అన్న ముక్క మాత్రం అందులో లేదు. ఆ ఒక్క వాక్యం పార్లమెంటు చేర్చాలి. చేర్చేదాకా ప్రతి కేసూ ఆ మాట దగ్గరే వాయిదాలు పడుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. అడ్డగోలు ఒప్పందాలను కొట్టేసే అధికారం జిల్లా వినియోగదారుల కమిషన్‌కి లేదు, రాష్ట్ర కమిషన్‌కీ, ఆ పైన జాతీయ కమిషన్‌కీ మాత్రమే ఉంది. అంటే 'మాకు బాధ్యత లేదు' అన్న షరతును సవాలు చేయాలంటే పిన్ని ఖమ్మం జిల్లా కమిషన్‌లో కాదు, హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్‌లో కేసు వేయాలి. రెండేళ్ల కిందట బైపాస్ అయిన మనిషి. 'ఐ అగ్రీ' మాత్రం ఇంట్లో కూర్చుని ఒక్క వేలితో నొక్కించుకున్నారు.

అయినా ఫిర్యాదు పెడదామనే నిర్ణయించుకున్నాం. మొన్న ఆదివారం కాగితం ముందేసుకుని కూర్చున్నాం. ఫోన్ ధర, కొన్న తేదీ, బిల్లు నంబరు రాశాను. మామూలు ఫిర్యాదుకి ఏ కమిషన్‌కి వెళ్లాలో తేలేది ఆ ధరను బట్టే, జరిగిన నష్టాన్ని బట్టి కాదు. "పోయినవి ఏంటో చెప్పు పిన్నీ" అన్నాను. మనవరాలి పుట్టినరోజు ఫొటోలు, పొలం రిజిస్ట్రేషన్ నాటి ఫొటో, శ్రీశైలం వెళ్లినప్పటివి అని చెబుతూ పోయింది. కాసేపు ఆగింది. తర్వాత, "మీ బాబాయి ఏడో ఎక్కం అని కూడా రాయి" అంది. రాశాను.