ఐదేళ్లకే ఘర్షణా? వెంటనే ఆపించాలి!

కడపలో ఐదేళ్ల పిల్లలు ఘర్షణ గురించి తెలుసుకుంటున్నారు. అదీ ఆడుకుంటూ, పైసా ఫీజు కట్టకుండా. ఇదెంత ప్రమాదమో పెద్దలెవరూ పట్టించుకోవడం లేదు కాబట్టి నేనే రాయాల్సి వస్తోంది.

ఘర్షణ, అంటే ఒకదానికొకటి తాకిన వస్తువులు జారకుండా అడ్డుపడే బలం, ఎనిమిదో తరగతి సైన్సు పాఠం. దానికో పద్ధతుంది. నిర్వచనం బట్టీ పట్టాలి, ప్రభావితం చేసే అంశాలు పాయింట్లుగా రాయాలి, పరీక్ష అయిన సాయంత్రానికి మర్చిపోవాలి. ఇంత చక్కటి ఏర్పాటు ఉండగా మా వీధి అంగన్‌వాడీ టీచర్ ఏం చేసిందంటే, ఎవరో ఇల్లు కట్టుకోగా మిగిలిన కడప బండ ముక్కను గోడకు వాల్చి, దాని మీద అగ్గిపెట్టె, పెన్సిల్ రబ్బరు పెట్టి ఏది ముందు జారుతుందో చూడండని పిల్లలకు వదిలేసింది. అగ్గిపెట్టె సర్రున కిందికొచ్చింది. రబ్బరు ఉలకలేదు, పలకలేదు. బండ మీద గోనెసంచి పరిచేసరికి అగ్గిపెట్టె కూడా మొండికేసింది. అప్పుడొక పాప, ఎవరూ చెప్పకుండానే, టీచర్ చెయ్యి పట్టి లాగి బండను ఇంకాస్త నిటారుగా ఎత్తించింది. అంకెలు ఇరవై దాటి రాని పిల్ల కోణంతో చెలగాటమాడితే రేపు ఎవరు బాధ్యులు?

అంతటితో అయిందా? ఇంకో పిల్లోడు ఇటుకను ఒకసారి వెడల్పుగా పడుకోబెట్టి, ఒకసారి పక్కకు తిప్పి నిలబెట్టి చూశాడు. రెండుసార్లూ దాదాపు ఒకే వాలు దగ్గర జారింది. "టీచరా, పండుకున్నా కూచున్నా ఒకటే!" అని అరిచాడు. తాకే వైశాల్యం మారినా ఘర్షణ మారదనే ఈ సంగతినే ఫ్రాన్సులో అమోంటన్ అనే పెద్దమనిషి 1699లో సైన్స్ అకాడమీ ముందు మర్యాదగా విన్నవించుకున్నాడు. మావాడు ముక్కు చీదుకుంటూ చెప్పేశాడు.

నిజానికి టీచరుననీ లాభం లేదు, తప్పంతా ఊళ్లది. తిరునాళ్లలో బండలాగుడు పోటీలు పెడతారు. నాన్న భుజాలెక్కి చూసే పిల్లాడికి, ఎద్దులు మోర దించి, గిట్టలు తన్నిపెట్టి బండను మొదట కదిలించేదాకానే అసలు కష్టమని, కదిలాక అంత బలం అక్కర్లేదని కళ్లకు కట్టినట్టు కనబడిపోతుంది. స్థైతిక ఘర్షణ, జారుడు ఘర్షణ అనే పేర్లు తెలియకుండా విషయం తెలిసిపోవడం, అదీ నా బాధ. ఆ పిల్లాడు ఇంటికొచ్చి పీటకు తాడు కట్టి, చెల్లెల్ని కూర్చోబెట్టి, తానే ఎద్దయ్యాడు. పీట కదల్లేదు. కింద పెన్సిళ్లు వరసగా పేర్చి లాగితే చెల్లెలితో సహా గడప దాకా దొర్లుకుంటూ వచ్చింది. "రాసుకునేదానికి పెన్సిళ్లు కొనిస్తే బండికి చక్రాలు జేసినాడు సార్" అని వాళ్లమ్మ లబోదిబోమంది. ఆ తల్లి టెన్షన్ నాకర్థమైంది.

మరి ఎల్‌కేజీ నుంచే ఐఐటీ ఫౌండేషన్ చెప్పే స్కూళ్లను చూడండి, ఎంత క్రమశిక్షణో! నున్నటి టైల్స్, నున్నటి స్క్రీన్. ఆ స్క్రీన్‌లో గరుకు రోడ్డు మీద బొమ్మ కారు ఆగిపోతుంటే పిల్లలు చేతులు కట్టుకుని చూస్తారు. పిల్లల చేతికి గరుకన్నది తగలకుండా గరుకు గురించి చెప్పడం సామాన్యమైన విద్యా? అలాంటి స్కూల్లో చదివే మా బంధువుల పిల్లాడు మొన్న తడి బాత్రూంలో జారి పడ్డాడు. పడ్డవాడు పడ్డట్టే ఉండి నిర్వచనం ఇంగ్లీషులో అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ఎందుకు జారావురా అంటే మాత్రం అది సిలబస్‌లో లేదన్నాడు.

కాబట్టి అధికారులకు నా విన్నపం. కడప బండలు పిల్లలకు అందని ఎత్తులో పెట్టించండి. పెన్సిల్ గుండ్రంగా ఉంటే అమ్మకాలు ఆపించండి. పార్కులో జారుడుబల్ల మెట్ల దగ్గర ఒక ఇన్విజిలేటర్‌ను వేసి, నిర్వచనం అప్పజెప్పినవాణ్నే పైకి పంపండి. జారాక చెప్పింది చెల్లదు. పొట్టి నిక్కరేసుకొచ్చి, తొడలు రేకుకు అంటుకుని మధ్యలో ఆగిపోయినవాడికి మాత్రం దయతలచి సగం మార్కులు వేయొచ్చు.