ఎవరూ పిలవని ప్రోగ్రామ్

వైటూకే (2000 సంవత్సరంతో కంప్యూటర్లలో తేదీలు తప్పుతాయన్న సమస్య) పుణ్యమా అని అమెరికా వచ్చిన మనవాళ్లు చాలామంది కోబాల్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలోని కోడ్‌లో తేదీలు సరిచేశారు. ఆ తరం రిటైర్మెంట్‌కి దగ్గరపడింది, వాళ్లు చెయ్యి పెట్టిన ప్రోగ్రాములు మాత్రం ఇంకా రాత్రిపూట వరసగా నడిచే బ్యాచ్ జాబుల్లో తిరుగుతూనే ఉన్నాయి. 2020 ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని బహిరంగంగా అడగాల్సి వచ్చింది. ఇప్పుడా కోడ్ తర్వాతి తరం చేతికొస్తోంది, పక్కన ఏఐ సహాయకుడు కూడా ఉన్నాడు. ఈ ప్రోగ్రామ్ ఏం చేస్తుందని అడిగితే ఆ సహాయకుడు టకటకా చెప్పేస్తాడు. దీన్ని తీసేయొచ్చా అని అడిగినా అంతే ధీమాగా చెబుతాడు. పేచీ అక్కడే.

"ఎవరూ పిలవడం లేదు, తీసేయండి" అన్న సలహా ఎక్కువగా సోర్స్‌లో పేరు వెతికి చెప్పేదే. ఒక ప్రోగ్రామ్ ఇంకోదాన్ని పిలిచే కాల్ అనే ఆజ్ఞ పక్కన కోట్స్‌లో పేరుంటే సెర్చ్‌లో పడుతుంది. అక్కడ డేటా పేరు (విలువ దాచుకునే ఫీల్డు పేరు) ఉంటే పడదు. అసలు పేరు ఏ కంట్రోల్ కార్డులోనో (జాబుకి ఇచ్చే సెట్టింగుల లైన్లు), డీబీటూ డేటాబేస్ టేబుల్లోనో కూర్చుని ఉంటుంది. అందుకే జేసీఎల్ (జాబులో ఏం నడపాలో చెప్పే స్క్రిప్టు), ప్రాక్‌లు (పదేపదే వాడే జేసీఎల్ ముక్కలు), కంట్రోల్ కార్డులు, షెడ్యూలర్ అన్నీ వెతకాలి.

ఈ పనికి కొత్త టూల్ కొనే ముందు కంపైలర్ లిస్టింగ్ (కోడ్‌ని కంపైల్ చేసినప్పుడు వచ్చే రిపోర్టు) తెరవండి. ఇంత ఉపయోగపడుతూ ఇంత నిర్లక్ష్యానికి గురైన కాగితం ఈ కోడ్ నడిచే పెద్ద కంప్యూటర్, అంటే మెయిన్‌ఫ్రేమ్‌లో ఇంకోటి లేదు. ఐబీఎం ఎంటర్‌ప్రైజ్ కోబాల్‌లో ఎక్స్‌రెఫ్, మ్యాప్ ఆప్షన్లతో కంపైల్ చేస్తే, ప్రతి డేటా పేరూ ఏయే లైన్లలో వాడారో వస్తుంది. విలువ మారే లైన్ నంబరు ముందు "ఎం" అక్షరం ఉంటుంది. కాల్‌లోని పేరుకి ఆ "ఎం" లైన్లు చూస్తే ఏ ప్రోగ్రామ్‌ని పిలుస్తున్నారో చాలావరకు తేలుతుంది. చాలావరకే ఎందుకంటే, ఆ ఫీల్డుని కలుపుకున్న పై గ్రూపుకి విలువ మూవ్ చేసినా, రీడిఫైన్స్ (అదే చోటికి ఇంకో పేరు) దారిలో రాసినా కింది పేరు పక్కన ఆ గుర్తు పడదు. గ్రూపు పేరునీ, రీడిఫైన్స్ పేర్లనీ కూడా విడిగా చూసుకోవాలి.

తర్వాత రన్ రికార్డులు. ఎస్ఎంఎఫ్ (మెయిన్‌ఫ్రేమ్ తనలో ఏం నడిచిందో రాసుకునే లాగ్) టైప్ 30 రికార్డులో జాబులోని ప్రతి స్టెప్‌లో నడిచిన ప్రోగ్రామ్ పేరుంటుంది. మూడు నెలలవి చూసి సరిపెట్టుకుంటే ఇయర్ ఎండ్ జాబ్ తప్పించుకుంటుంది. కనీసం 13 నెలలవి కావాలి. ఇంకో తిరకాసు: డీబీటూ ప్రోగ్రాములు ఎక్కువగా ఐకేజేఈఎఫ్‌టీ01 అనే సిస్టమ్ ప్రోగ్రామ్ కింద నడుస్తాయి కాబట్టి రికార్డులో ఆ పేరే పడుతుంది. అసలు పేరు దానికిచ్చే ఆజ్ఞలుండే సిస్‌టీఎస్‌ఇన్‌లోని రన్ ప్రోగ్రామ్ లైన్లో చూడాలి. కాల్‌తో నడిచే సబ్‌ప్రోగ్రాములు ఈ రికార్డుకి అసలే దొరకవు.

అన్నిటికంటే ప్రమాదం "ఇది పాత వైటూకే చెత్త" అన్న మాట. రెండంకెల సంవత్సరం 50 కంటే తక్కువైతే 20, లేకపోతే 19 చేర్చే నాలుగు లైన్లు చాలా ప్రోగ్రాముల్లో ఉంటాయి. చెత్తేమీ కాదు, ఈ రోజుకీ పనిచేస్తున్న కోడే. పైగా అందులో పొంచి ఉన్న తప్పుంది. 2020లో రాసిన 30 ఏళ్ల మార్ట్‌గేజ్ 2050లో ముగియాలి. 50 అన్నది 50 కంటే తక్కువ కాదు కాబట్టి ఈ కోడ్ దాన్ని 1950 చేస్తుంది. పుట్టినతేదీకి సరిపోయిన హద్దు గడువు తేదీకి సరిపోదు. ఆ లైన్లు ఏ ఫీల్డు కోసం వచ్చాయో మార్పుల చరిత్రే చెప్పాలి. కోడ్ మార్పుల చరిత్ర ఉంచే గిట్‌లో అయితే లాగ్ ఆజ్ఞకి మైనస్ ఎస్ ఇచ్చి ఆ మాట ఏ కమిట్‌లో చేరిందో పట్టుకోవచ్చు. కానీ కోడంతా ఒక్కరోజులో గిట్‌లోకి ఎత్తిపోసి ఉంటే ప్రతి లైనుకీ ఆ రోజే, ఆ పేరే కనిపిస్తుంది. అందుకే మెయిన్‌ఫ్రేమ్ కోడ్ చరిత్ర ఉంచే ఎండెవర్ లాంటి పాత లైబ్రరీని కనీసం చదవడానికైనా ఉంచాలి. డిస్క్ ఖర్చు పేరు చెప్పి దాన్ని మూసేసే మేనేజర్లతో గట్టిగా పోట్లాడొచ్చు.

ఇన్ని చూశాక కూడా ఒకేసారి చెరిపేయకండి. ప్రోగ్రామ్ మొదట్లో పేరూ తేదీ రాసే ఒక డిస్‌ప్లే పెట్టి, ఒక ఇయర్ ఎండ్ దాటనివ్వండి. స్టాటిక్ లింక్ అయిన చోట (పిలిచేదాంట్లోనే కలిపేసిన చోట) పిలిచే ప్రోగ్రామ్ లోడ్ మాడ్యూల్లో (నడిచే ఫైల్లో) పాత కాపీయే ఉంటుంది కనుక దాన్నీ మళ్లీ లింక్ చేయకపోతే ఈ డిస్‌ప్లే కనిపించదు. ఏడాదిలో ఒక్క లైనూ రాకపోతే లోడ్ మాడ్యూల్‌ని వేరే లైబ్రరీలోకి మార్చండి. ఏ రాత్రైనా ఎస్806 అబెండ్ (మాడ్యూల్ దొరకక జాబ్ ఆగిపోవడం) వస్తే దొరకని మాడ్యూల్ పేరు జాబ్ లాగ్‌లోనే ఉంటుంది, తిరిగి కాపీ చేసి జాబ్ రీస్టార్ట్ చేసుకోవచ్చు.