తూము మూసి, కాలువను తిట్టి

మొన్నటి వాన వెలిసింది కానీ ఫిర్యాదులు ఇంకా కురుస్తూనే ఉన్నాయి. వీధిలో మోకాటి లోతు నీరు నిలిచిందని, అది గడప దాటి లోపలికి వచ్చిందని, గోడలు నానిపోయాయని, పడక గది కప్పు కారుతోందని వచ్చిన ఉత్తరాలన్నీ ఒకే ముద్దాయిని చూపిస్తున్నాయి. ఆ ముద్దాయి వీధి కాలువ, దాన్ని బాగుచేయని యంత్రాంగం. పడక గది కప్పు కారడానికి వీధి కాలువతో ఏం సంబంధమో మాత్రం ఏ ఉత్తరమూ వివరించలేదు. ఆ కప్పు పైన, మేడ మీద, పిట్టగోడ మూలన ఉన్న తూములో ఎండుటాకులు, సిమెంటు పెచ్చులు, పగిలిన పూలకుండీ మట్టి కలిసి గట్టిపడి ఉంటాయని, దాన్ని ఎవరూ కదిపి ఉండరని చెప్పడానికి జ్యోతిషం అక్కర్లేదు.

కాలువల పూడిక తీయించడం, ఆక్రమణలు తొలగించడం, నీటికి దారి చూపించడం ప్రభుత్వం పని అని, పన్ను కట్టే పౌరుడు ఆ పని జరగనప్పుడు నిలదీయవచ్చని వాదించేవారితో మాకు పేచీ లేదు. ఈ పత్రికే ఆ మాట చాలాసార్లు రాసింది, ఇకపైనా రాస్తుంది. అయితే వాన నీరు నేరుగా వీధిలో పుట్టదు. అందులో పెద్ద భాగం ముందు మన కప్పుల మీద పడుతుంది, మన గొట్టాల్లోంచి దిగుతుంది, మన ప్రహరీ దాటాకే ఊరి సమస్య అవుతుంది. ఆ మొదటి దూరానికి జవాబుదారీ ఇంటివారే. తన తూము సంగతి పట్టని మనిషి ఊరి కాలువ గురించి గొంతు చించుకోవడం ఆత్మవంచన, మా అభ్యంతరమంతా దాని మీదే.

లెక్క చాలా చిన్నది. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు. 100 చదరపు మీటర్ల మేడ మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు, అంటే ఐదు టన్నుల బరువు. గట్టి వాన ఒక గంటలో దించి పోగల నీరు ఇది. దీన్నంతటినీ కిందికి పంపవలసినవి గోడ అంచున ఉండే రెండో మూడో తూములు. వాటి మీద ఒక ప్లాస్టిక్ సంచి వచ్చి పరుచుకుంటే చాలు, మేడ చెరువవుతుంది. అదే మేడ మీద పది సెంటీమీటర్ల లోతున నీరు నిలిస్తే స్లాబు పది టన్నుల అదనపు బరువు మోస్తోందని అర్థం. పెంకుటింటికైనా రేకుల ఇంటికైనా కథలో పెద్ద తేడా ఉండదు. చూరు వెంట బిగించిన కాలువ ఆకులతో నిండితే నీరు దాని అంచు దాటి గోడ మీద జారుతుంది, లేదా వెనక్కి తన్ని వాసాల చివరలను తడుపుతుంది. తడిసి ఆరి, మళ్లీ తడిసే కలప ఎన్నేళ్లు నిలుస్తుందో ఏ వడ్రంగిని అడిగినా చెబుతాడు.

బరువు కంటే పెద్ద ముప్పు కంటికి కనిపించనిది. నిలిచిన నీరు సన్నని పగుళ్ల గుండా కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుప కడ్డీలను చేరుతుంది. తుప్పు తాను తినేసిన ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, ఆ ఒత్తిడికి కడ్డీ చుట్టూ ఉన్న కాంక్రీటు పగిలి, కింది వైపు పెచ్చులుగా రాలుతుంది. పెచ్చు ఊడిన చోట గాలీ తేమా మరింత సులువుగా లోపలికి పోతాయి, తుప్పు మరింత వేగంగా పాకుతుంది. ఇదంతా ఒక్క వానలో జరిగేది కాదు. కొన్నేళ్ల పాటు ప్రతి వానకూ కొంచెం కొంచెంగా సాగి, చివరికి ఒక రోజు కప్పు మీద పసుపుపచ్చని మచ్చగా బయటపడుతుంది. అప్పుడు మనం చేసేదేమిటి? పండుగ ముందు దాని మీద రంగు వేయిస్తాం. మరుసటి వానకు మచ్చ మళ్లీ వస్తే రంగు కంపెనీని తిడతాం. నీరు ఎక్కడ నిలుస్తోందో చూడడానికి మేడ మెట్లు ఎక్కం. వాటర్‌ప్రూఫింగ్ పూత వేయించినవారిలోనూ చాలామంది మేడ వాటం సరిచేయించరు. నీరు తూము వైపు నడవడానికి కనీసం 100కు 1 చొప్పునైనా వాలు లేని మేడకు ఎంత ఖరీదైన పూత వేసినా, అది నీటి అడుగునే నానుతూ తొందరగా పాడవుతుంది.

మేడ మీద తప్పించుకున్నవారు నేల మీద దొరికిపోతారు. గొట్టం కిందికి దిగి గోడ మొదట్లోనే ఆగిపోయిన ఇళ్లు కోకొల్లలు. కప్పు మీది నీటినంతా పోగుచేసి ఒకే చోట, పునాది పక్కన కుమ్మరించే ఏర్పాటు అది. దానికంటే అసలు గొట్టమే లేకపోవడం నయం, నీరు నాలుగు వైపులా చెదిరైనా పోయేది. ఇంటి చుట్టూ నేల మొదటి మూడు మీటర్ల దూరంలో కనీసం 15 సెంటీమీటర్లు బయటికి వాలి ఉండాలన్నది నిర్మాణ రంగంలో అందరికీ తెలిసిన ప్రమాణం. మన ఇళ్ల చుట్టూ మాత్రం పూలమడుల కోసం మట్టి పోసిపోసి నేలను గోడ వైపే వాల్చాం. నల్లరేగడి వంటి బంకమట్టి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. పునాదికి ఒక పక్కనే నీరు చేరితే ఆ పక్కే లేస్తుంది, ఆ పక్కే కుంగుతుంది. కిటికీ మూలల నుంచి మెట్లు మెట్లుగా పాకే పగుళ్లు చాలాసార్లు ఇలా వచ్చినవే. నేలలోని తడి ఇటుకల సన్నని రంధ్రాల గుండా పైకి ఎగబాకి, తనతో తెచ్చిన లవణాలను గోడ మీద తెల్లపొడిగా వదిలిపోతుంది. తడిసిన గోడ, పరుపు, అలమర వెనక చెక్క ఒకటి రెండు రోజుల్లో, అంటే 24 నుంచి 48 గంటల్లో ఆరకపోతే బూజు పట్టడం మొదలవుతుంది. ఆ గదిలో పడుకునే ఉబ్బసం రోగికి అది మరో కష్టం.

దోమల సంగతి వేరే చెప్పాలా? డెంగీని మోసే ఏడిస్ దోమకు మురుగు కాలువ కంటే చూరు కాలువలోనూ మూసుకుపోయిన తూము దగ్గరా నిలిచిన వాన నీరే ఇష్టం. వెచ్చని వాతావరణంలో గుడ్డు దోమగా మారడానికి వారం, పది రోజులు చాలు. పొగ యంత్రం మన వీధికి రాలేదని ఫోన్లు చేసేవారి మేడల మీదే ఆ దోమల పెంపకం జరుగుతుంటే, ఫిర్యాదు ఎవరి మీద ఎవరు చేస్తున్నట్టు?

ఇంతవరకూ చెప్పింది సొంత ఇంటికి చేసుకునే కీడు. ఎవరి గోడ వారు నానబెట్టుకుంటే పత్రికకు ఎందుకని అడగవచ్చు. అసలు కోపం ఇక్కడి నుంచి. వాన గొట్టాన్ని తీసుకెళ్లి మరుగుదొడ్డి నీరు పోయే మురుగు గొట్టంలో కలిపేయడం ఒక అలవాటుగా మారింది. ఒక ఇంటి రోజు వాడకం కొన్ని వందల లీటర్లు. ఆ కొలతతో వేసిన గొట్టంలోకి గంటలో వేల లీటర్లు దిగితే మురుగు ఎక్కడికి పోతుంది? పల్లంలో ఉన్న ఇంటి స్నానాల గదిలోకి ఎగదన్నుతుంది, లేదా వీధిలో మ్యాన్‌హోల్ మూత లేపుకుని బయటికి వస్తుంది. ఆ మురుగు ఫోటో తీసి యంత్రాంగాన్ని ఎండగట్టే పోస్టులు పెట్టేవారిలో తమ వాన గొట్టం ఎక్కడ కలుస్తోందో చెప్పగలిగేవారు ఎందరు? గురివింద గింజ తన నలుపు ఎరగనట్టు, మన గొట్టం మనకు కనిపించదు. మరికొందరు పక్కింటి స్థలంలోకి నీరు వదులుతారు. ఇంకొందరు కారు ఎక్కడానికి వీధి కాలువ మీదే కాంక్రీటు ర్యాంపు పోసి, పూడిక తీయడానికి చేయి కూడా దూరని విధంగా మూసేసి, వానాకాలం రాగానే పూడిక తీయలేదని ధర్నాకు కూర్చుంటారు. ఒకరు చేసి తప్పించుకుంటే వీధంతా అదే బాట పడుతుంది. అందరూ దోషులైన చోట నోటీసు అందుకున్న మొదటి మనిషి తనకు అన్యాయం జరిగిందంటాడు, మిగతావారు వంత పాడతారు.

ఇది కొత్తగా ఎవరో కనిపెట్టిన నియమం కాదు. వాన కురిసేటప్పుడు ఇంటి నీటి దారి అడ్డు లేకుండా తెరచి ఉండాలని, లేకుంటే 12 పణాల (అప్పటి నాణేల) జరిమానా అని, నీటితో ఇతరుల గోడను పాడుచేసినవాడికీ అదే దండన అని కౌటిల్యుడి అర్థశాస్త్రం విధించింది. వాన నీటి సహజ మార్గాన్ని తన కట్టడంతో మార్చి పొరుగువాడికి నష్టం కలిగించేవాడి మీద దావాకు క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే రోమన్ల పన్నెండు ఫలకాల శాసనం చోటిచ్చింది. అప్పటివారికి ప్లాస్టిక్ గొట్టాలు లేవు, వాటర్‌ప్రూఫింగ్ రసాయనాలు లేవు. ఎవరి కప్పు నీటికి వారే బాధ్యులన్న తెలివిడి మాత్రం ఉంది.

అపార్ట్‌మెంట్ల సంగతి మరీ విచిత్రం. అక్కడ మేడ అందరిదీ, కనుక ఎవరిదీ కాదు. ప్రవేశ ద్వారానికి రంగుల దీపాలు పెట్టడానికి ఏకగ్రీవంగా తీర్మానం చేసే సంఘం, తూములు శుభ్రం చేయించి పగిలిన గొట్టం మార్చాలంటే మూడు సమావేశాలు వాయిదా వేస్తుంది. పై అంతస్తువారి కప్పు కారితే అది వారి కర్మ. కింది అంతస్తువారికి ఆ ఖర్చులో వాటా ఎందుకన్న ప్రశ్నను సిగ్గుపడకుండా వేసేవారున్నారు. ఆ కప్పులో తుప్పు పడుతున్న కడ్డీ భవనం మొత్తానిదని, సెల్లారులో నీరు నిలిచి లిఫ్టు ఆగినప్పుడు ఇబ్బంది అన్ని అంతస్తులదీ అని వారికి వానాకాలంలో మాత్రమే గుర్తుకు వస్తుంది. అద్దె ఇళ్లలో ఇదే నాటకం ఇద్దరి మధ్య నడుస్తుంది. తూము సంగతి యజమానిదని అద్దెదారు, ఉండేవారే చూసుకోవాలని యజమాని చెబుతుంటే తూము మూసుకునే ఉంటుంది.

యంత్రాంగానికీ మినహాయింపు లేదు. ఇళ్ల యజమానులకు నోటీసులిచ్చే కార్యాలయాల్లో కొన్నింటి పిట్టగోడల్లోంచి రావి మొక్కలు మొలిచి, వేళ్లు గొట్టంలోకి దిగి ఉంటే, ఆ నోటీసును ఎవరు ఖాతరు చేస్తారు? అనుమతి పత్రం కోసం ఇంకుడు గుంత గీతను నక్షాలో చూసి సంతకం చేసి, అది నేల మీద ఉందో లేదో చూడని అధికారి కూడా ఈ ఆత్మవంచనలో భాగస్వామే. వాటం లేని మేడ కట్టి తాళాలు చేతికిచ్చే బిల్డరు సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

చేయవలసిన పని చూస్తే ఇన్ని సాకులకు తగినంత పెద్దది కాదు. వానాకాలానికి ముందొకసారి, ముగిశాక ఒకసారి మేడను, చూరు కాలువలను ఊడ్చి తూములు శుభ్రం చేయాలి. చెట్లు కమ్ముకున్న ఇళ్లకు ఇంకొన్నిసార్లు పట్టవచ్చు. తూము నోటికి జాలి బిగించాలి, ఆ జాలి మీద పేరుకున్న చెత్తను కూడా తీయాలి. జాలి పెట్టాం కదా అని మరచిపోతే అదే మూతవుతుంది. తర్వాత రెండు బకెట్ల నీరు పోసి, అవి కింద ఎంత వేగంగా, ఎక్కడికి వస్తున్నాయో చూస్తే సగం రోగం తెలుస్తుంది. గొట్టం అతుకుల దగ్గర గోడ తడిస్తే అతుకు మార్పించాలి. గొట్టం చివర వంపు బిగించి నీటిని గోడకు దూరంగా, ఇంకుడు గుంతకో వాన నీటి కాలువకో మళ్లించాలి. చూరుకు నిచ్చెన వేసేటప్పుడు ప్రతి నాలుగు మీటర్ల ఎత్తుకు నిచ్చెన పాదం గోడకు ఒక మీటరు దూరంలో ఉండాలి, దగ్గర్లో కరెంటు తీగ ఉంటే అసలు ఎక్కకూడదు. వృద్ధులు, ఒంటరివారు ఈ పని చేయలేరన్నది నిజమే, వారికి ఇరుగుపొరుగు తోడుండాలి. కానీ మనం చెబుతున్నది వారి గురించి కాదు. కారు కడగడానికి ప్రతి ఆదివారం గంట కేటాయించగలిగి, తూము దగ్గరికి ఏడాదిలో ఒక్కసారి వెళ్లనివారి గురించి.

యంత్రాంగం తన కార్యాలయాల కప్పుల నుంచే మొదలుపెట్టి, మురుగు గొట్టాల్లో కలిపిన వాన గొట్టాలను వీధి వీధిగా గుర్తించి, గడువు ఇచ్చి విడదీయించాలి. పలుకుబడి ఉన్న ఇల్లని ఒక్కదాన్ని వదిలినా మిగతావాటి మీద చర్యకు అర్థం ఉండదు. ఇక మా పాఠకులకు ఒక మాట. వచ్చే వానకు వీధిలో నిలిచిన నీటి మీద మాకు ఉత్తరం రాసేవారు, తమ తూములు చివరిసారి ఎప్పుడు శుభ్రం చేశారో, తమ వాన గొట్టం ఎక్కడ కలుస్తోందో కూడా అందులో రాయాలి. అది తెలియనివారు కలం పక్కన పెట్టి, ముందు మేడ ఎక్కి చూసి రావాలి.