చేతులెత్తిన సభలో లెక్క ఎవరి చేతిలో?

2014 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరిస్తూ మూజువాణి ఓటుతో, అంటే సభ్యుల కేకలను బట్టి, తీర్మానం చేసింది. ఫిబ్రవరి 18న అదే బిల్లును లోక్‌సభ మూజువాణి ఓటుతోనే ఆమోదించింది. మరో రెండు రోజులకు రాజ్యసభలోనూ అదే పద్ధతి. విభజన న్యాయమా, అన్యాయమా అన్న వాదన ఇక్కడ పక్కన పెడదాం. తెలుగువారి జీవితాలను మార్చేసిన ఆ మూడు సందర్భాల్లోనూ తుది తీర్పుకు అనుకూలురు ఎందరు, వ్యతిరేకులు ఎందరు అన్న అంకె రికార్డుల్లో లేదు. ఇరుపక్షాలూ ఇప్పటికీ ఊహల మీదే వాదించుకోవాలి.

లెక్క ఎందుకు పెట్టలేదని అడిగితే వచ్చే జవాబు ఎప్పుడూ ఒకటే: సభ గందరగోళంగా ఉంది, వీలు కాలేదు. 2020 సెప్టెంబరు 20న వ్యవసాయ బిల్లులపై రాజ్యసభలో ప్రతిపక్షం డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, కోరినప్పుడు, అడిగిన సభ్యులు తమ స్థానాల్లో లేరు కనుక మూజువాణితో ముగించామని ఉపాధ్యక్షుడి వైపు నుంచి వివరణ వచ్చింది. స్థానాల్లోనే ఉండి అడిగామని ప్రతిపక్షం వాదించింది. చట్టసభల్లోనే ఇలా ఉంటే సహకార సంఘం మహాజన సభలోనో, వెయ్యి ఫ్లాట్ల అపార్ట్‌మెంటు సంఘంలోనో పరిస్థితి ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. "అందరికీ సమ్మతమేగా" అని అధ్యక్షుడు అడగడం, ముందు వరుసలు చప్పట్లు కొట్టడం, మినిట్స్ పుస్తకంలో "ఏకగ్రీవంగా ఆమోదించడమైనది" అని రాసుకోవడం. వెనక వరుసలో ఎత్తిన చేతులు ఆ పుస్తకంలోకి ఎక్కవు.

నిజానికి వెయ్యి మంది ఓట్లను తప్పు లేకుండా లెక్కించడానికి అయిదారు నిమిషాలు చాలు. ఆ ఏర్పాటు సభ మొదలయ్యే ముందే చేసుకోవాలి. మన నిర్వాహకులు చేయనిది అదే. ఏర్పాటు లేని చోట లెక్క అడిగినవాడు అల్లరి చేసేవాడిలా కనిపిస్తాడు, లెక్క ఎగ్గొట్టినవాడు సభను ఒడ్డున పడేసిన సమర్థుడిలా కనిపిస్తాడు.

ముందు చెవి సంగతి చూద్దాం. ధ్వని తీవ్రత రెట్టింపైనా డెసిబెల్ కొలతలో పెరిగేది 3 మాత్రమే. 600 మంది ఒకవైపు, 400 మంది మరోవైపు సమానంగా అరిస్తే తేడా 2 డెసిబెల్స్ కూడా ఉండదు. ఫ్యాన్లు తిరుగుతూ, మైకు కీచుమంటూ ఉన్న హాలులో ఆ తేడాను ఏ చెవీ పట్టుకోలేదు. పైగా, పక్కవాడికన్నా 20 డెసిబెల్స్ గట్టిగా అరవగలిగినవాడు ఒక్కడే వంద గొంతుల పెట్టు. క్రీస్తుపూర్వం 432లో, ఏథెన్స్ ఒప్పందాన్ని ఉల్లంఘించిందా లేదా అని స్పార్టా సభను అడిగినప్పుడు స్థెనెలాయిడాస్ అనే అధికారి ఏ కేక పెద్దదో తేల్చుకోలేకపోతున్నానని చెప్పి, జనాన్ని రెండు వైపులకు విడిపోయి నిలబడమన్నాడు. అప్పుడు యుద్ధానికి అనుకూలంగా భారీ మెజారిటీ కనిపించింది. ఎవరు ఎటున్నారో బాహాటంగా తేలితే యుద్ధోత్సాహం పెరుగుతుందన్నదే ఆయన అసలు ఎత్తుగడ అని ఆ కాలపు గ్రీకు చరిత్రకారుడు రాశాడు. లెక్క పద్ధతి కూడా ఫలితాన్ని తోయగలదన్న ఆ అనుమానం దగ్గరికి తర్వాత వస్తాను.

చెవికన్నా కన్ను మెరుగే, కానీ దానికీ హద్దుంది. స్విట్జర్లాండ్‌లోని గ్లారుస్ రాష్ట్రంలో ఏటా మే మొదటి ఆదివారం వేల మంది ఓటర్లు బహిరంగ సభలో రంగు కార్డులు పైకెత్తి చట్టాలు చేస్తారు. అక్కడ కార్డులను లెక్కించరు. అధ్యక్షుడు కంటితో అంచనా వేస్తాడు, సందేహముంటే తోటి మంత్రులను సంప్రదిస్తాడు, ఆ తర్వాత ఆయన చెప్పిందే తుది మాట. 2006లో ఆ సభ 25 గ్రామ, పట్టణ పాలక సంస్థలను 3గా కుదించేసింది. అంత పెద్ద నిర్ణయంపై అసంతృప్తి రేగి, 2007లో ప్రత్యేక సభ పెట్టి మళ్లీ అడిగితే స్పష్టమైన మెజారిటీతో అదే నిలిచింది. తరాలుగా పేరుకున్న నమ్మకం, ఓటరుకు మాత్రమే అందే కార్డు, అవసరమైతే మరోసారి అడిగే ఓపిక ఉన్నాయి కనుక అక్కడ కంటి అంచనా చెల్లుతోంది. ఈ మూడూ లేని చోట వేదిక మీది మనిషి కన్ను ముందు వరుసలనే చూస్తుంది. ముందు వరుసల్లో ఎవరు కూర్చుంటారో తెలిసిందే.

ఇక లెక్క. ఒక కల్యాణ మండపంలో వెయ్యి మంది సభ్యులతో మహాజన సభ జరుగుతోందనుకుందాం. పని గుమ్మం దగ్గరే మొదలవ్వాలి. సంతకం పెట్టిన సభ్యుడికే ఓటు కార్డు. తోడు వచ్చిన బంధువులకు, ఉద్యోగులకు, విలేకరులకు వేరే కుర్చీలు. హాలును యాభై కుర్చీల చొప్పున ఇరవై భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఇద్దరు లెక్కింపుదారులను పెట్టాలి, తీర్మానాన్ని సమర్థించేవారి నుంచి ఒకరు, వ్యతిరేకించేవారి నుంచి ఒకరు. ఓటు వేళ తలుపులు మూయాలి. లోక్‌సభలో డివిజన్‌కు గంట మోగాక మూడున్నర నిమిషాల గడువిచ్చి లాబీ తలుపులు మూసేది ఇందుకే. లోపల ఎందరున్నారన్న అంకె కదిలిపోతుంటే పైన ఏ లెక్కా నిలవదు.

చేతులెత్తించడం కన్నా నిలబెట్టడం మేలు. చేయి దిగిపోతుంది, ముందువాడి తల వెనక దాగుతుంది, ఉత్సాహవంతుడు రెండు చేతులూ ఎత్తుతాడు. అనుకూలురు నిలబడ్డాక వరుస చివరి వ్యక్తి "ఒకటి" అని కూర్చుంటే పక్కవారు "రెండు" అని కూర్చుంటారు, వరుస వెంట వరుస అలా సాగుతుంది. నిలబడలేనివారు కార్డు ఎత్తితే చాలు. యాభై మందికి పట్టేది ఒక నిమిషం. తర్వాత వ్యతిరేకులు, ఆ తర్వాత తటస్థులు. ఇరవై భాగాల్లోనూ పని ఒకేసారి జరుగుతుంది కనుక, సభ పదింతలు పెరిగితే లెక్కించేవారు పెరగాలే తప్ప సమయం పెరగదు. తటస్థులను లెక్కించడం వృథా శ్రమగా కనిపిస్తుంది కానీ అసలు తనిఖీ అదే. ఒక భాగంలో 31, 14, 5 వస్తే మొత్తం 50, కుర్చీల్లో ఉన్నవారూ 50. మొత్తం 52 వచ్చిందా, ఆ ఒక్క భాగాన్నే మళ్లీ లెక్కిస్తే సరి, హాలంతా మొదటికి రానక్కర్లేదు.

ప్రతి తీర్మానానికీ చివరి తల దాకా కచ్చితత్వం కావాలా? అక్కర్లేదు. ఇద్దరు లెక్కింపుదారుల అంకెల మధ్య తేడాలన్నీ కలిపితే 8 వచ్చాయనుకోండి. ఫలితం 580, 390 అయితే ఆ ఎనిమిదింటి గురించి ఎవరూ నిద్ర మానుకోనక్కర్లేదు. 488, 482 అయితే మాత్రం పొరపాటు పరిమాణం ఆధిక్యాన్ని మింగేసింది కనుక ఓటు రాసిచ్చే స్లిప్పులు పంచాల్సిందే. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం 269కి 270 ఓట్లు ఎదురై ఒక్క ఓటుతో కూలింది. అలాంటి రోజున చెవినో కంటినో నమ్ముకుంటే దేశం ఏమయ్యేదో!

యంత్రాలుంటే ఈ తంటా ఉండదని కొందరంటారు. 2024 డిసెంబరు 17న జమిలి ఎన్నికల బిల్లు ప్రవేశంపై కొత్త పార్లమెంటు భవనంలో లోక్‌సభ తొలిసారి ఎలక్ట్రానిక్ పద్ధతిలో డివిజన్ జరిపింది. తెర మీద మొదట కనిపించిన అంకెలు 220, 149. మీట సరిగా పడనివారికి, సరిదిద్దుకోదలచినవారికి కాగితం స్లిప్పులిచ్చాక తేలినవి 269, 198. దాదాపు వంద ఓట్లు కాగితం మీదుగా వచ్చాయి. ఫలితం మారలేదు. ఎవరి ఓటు ఏదో పేరుతో సహా నమోదవుతుంది, తప్పును అక్కడికక్కడే దిద్దుకోవచ్చు, అందుకే ఆ అంకెపై తగాదా రాలేదు. ఫోన్ యాప్‌తో ఓటు పెట్టే సంఘాలకు ఈ దిద్దుబాటు దారి సాధారణంగా ఉండదు. సిగ్నల్ లేని సెల్లారులో పెట్టే సభల సంగతి సరేసరి.

లెక్క పక్కాగా ఉన్నా సభే వివాదం కావచ్చు. 2017 ఫిబ్రవరి 18న తమిళనాడు శాసనసభలో ముఖ్యమంత్రి పళనిస్వామి విశ్వాస పరీక్షకు స్పీకర్ సభను భాగాలుగా విడగొట్టి ఒక్కో భాగాన్ని నిలబెట్టి లెక్కించారు. 122కు 11. అంకె ఎంత కచ్చితమైనా, అంతకుముందే డీఎంకే సభ్యులను బయటికి పంపేశారు. ఎవరు లోపల ఉండాలన్న ప్రశ్నకు లెక్కింపు జవాబు చెప్పలేదు.

లెక్కించేవాడి నిష్పాక్షికత మీదా భ్రమలు వద్దు. బౌద్ధ వినయ నియమాల్లో, అంటే భిక్షువుల క్రమశిక్షణ నియమాల్లో, రంగు పుల్లలతో, అంటే శలాకలతో, భిక్షువుల ఓటు తీసుకునే ఏర్పాటు ఉంది: రహస్యంగా, చెవిలో చెప్పి, బాహాటంగా అని మూడు రకాలు. పుల్లలు పంచేవాడు నిష్పాక్షికుడై ఉండాలన్నారు. అదే నోటితో, రహస్య పద్ధతిలో అధర్మ పక్షానికి మెజారిటీ వస్తే ఓటు సరిగా జరగలేదని దాన్ని తోసిపుచ్చాలని కూడా చెప్పారు! ఏది ధర్మమో ముందే తెలిసిన అధ్యక్షులు మనకూ కొదవ లేదు. ప్రతి భాగానికీ రెండు పక్షాల మనుషులు ఉండాలనడం అందుకే.

కంపెనీల దారి వేరు. 2013 కంపెనీల చట్టం ప్రకారం చేతులెత్తితే మనిషికొక ఓటు, పోల్ అడిగితే వాటాను బట్టి ఓటు. కనుక అక్కడ చేతుల లెక్క ఆరంభం మాత్రమే.

బాహాటంగా నిలబడమన్నప్పుడు భయం కూడా లెక్కలోకి వస్తుంది. స్పార్టా అధికారి వాడుకున్నది ఆ ఒత్తిడినే. మన మండల పరిషత్, పురపాలక అధ్యక్షుల ఎన్నికల్లో చేతులెత్తించేది పార్టీ విప్‌కు లొంగారో లేదో కనిపించాలనే. ఊరి పెద్ద భూమికి సంబంధించిన తీర్మానానికి గ్రామసభలో చేయి ఎత్తేవాడి గుండెను ఏ లెక్కింపుదారూ లెక్కించలేడు. మనుషులను ఎన్నుకునేటప్పుడు, బలవంతుడి ప్రయోజనం ముడిపడిన చోట చీటీల పెట్టె తప్పదు. మిగిలినవాటికి నిలబడి లెక్కించడం చాలు.

సంఘాల నియమావళిలో చేర్చాల్సింది ఒక్క వాక్యమే: ఫలితం ప్రకటించిన వెంటనే పది మంది సభ్యులు లేచి అడిగితే లెక్క పెట్టి, మూడు అంకెలూ మినిట్స్‌లో రాయాలి. ప్రతి అంశానికీ అడిగి సభను సాగదీస్తారన్న భయం నిర్వాహకులకు ఉంటుంది. వేదిక మీది ఇరవై మందికి వరుసగా శాలువాలు కప్పి ఫొటోలు దిగే సమయంలో రెండు తీర్మానాలను నింపాదిగా లెక్కించవచ్చు.