లైటార్పరా అంటే ఫోన్ పట్టుకుని తిరుగుతాడేంటి వీడు

మా ఇంట్లో లైట్ల స్విచ్‌లన్నిటి మీదా టేప్ వేసి ఉంటుంది, ఎందుకంటే స్మార్ట్ బల్బ్‌కి గోడ మీద స్విచ్ కట్టేస్తే లైటుతో పాటు దాని బుర్ర కూడా ఆరిపోతుంది, ఆ తర్వాత యాప్‌లో ఎంత నొక్కినా పలకదు. ఈ మాట నాన్నకి చెప్పని రోజు లేదు. ఆయన శ్రద్ధగా విని, తలూపి, టేప్ పీకి, స్విచ్ కట్టేసి వెళ్లి పడుకుంటారు.

కానీ ఈసారి గొడవ మాత్రం నాన్న వల్ల రాలేదు, ఆయన ఇప్పటికీ ఆ హుషారులోనే ఉన్నారు.

జరిగిందేంటంటే బెడ్‌రూమ్ లైటు ఊదా రంగులో ఇరుక్కుపోయింది. తమ్ముడు అక్కడ కూర్చుని ఏదో సినిమా చూస్తూ మూడ్ కోసం ఆ రంగు పెట్టాడంట, సినిమా అయిపోయింది, మూడూ పోయింది, రంగు మాత్రం పోలేదు. రాత్రి పదకొండింటికి అమ్మ ఆ ఊదా వెలుతురులో బీపీ మాత్ర వెతుక్కుంటూ "ఒరే, అన్ని మాత్రలూ ఒకే రంగులో ఉన్నాయి, ఏదో ఒకటి మింగేస్తా ఇక" అని కేకేసింది. నేను ఫోన్ తీసి యాప్ ఓపెన్ చేస్తే "బ్రిడ్జ్ దొరకలేదు, మీ ఫోను, బ్రిడ్జ్ ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి" అంటోంది. ఇంట్లో ఉన్నదే ఒక వైఫై, దాని పేరు ఫోన్ మీద కనపడుతూనే ఉంది, సిగ్నల్ ఫుల్లు, వీడియోలు ఆగకుండా ఆడుతున్నాయి, ఇంకా ఏం చూసుకోవాలి?

బ్రిడ్జ్ అంటే అరచేతిలో పట్టే తెల్ల డబ్బా, హాల్లో రూటర్‌కి ల్యాన్ కేబుల్‌తో తగిలించి ఉంటుంది. మనం ఫోన్‌లో నొక్కింది వైఫై మీదుగా దానికి వెళ్తే, అది జిగ్‌బీ అనే ఇంకో రేడియోలో బల్బులకి చేరవేస్తుంది. అంటే మంచం మీంచి చెయ్యి చాపితే అందే లైటుని ఆర్పడానికి మాట ముందు హాల్లోకెళ్లి అక్కణ్నించి మళ్లీ బెడ్‌రూమ్‌కి రావాలన్నమాట. కంపెనీ వాళ్ల సర్వర్‌లో అకౌంట్ చేసుకుంటే ఇంకా దూరం కూడా తిరిగొస్తుంది, కానీ దానికి నాన్న ఒప్పుకోలేదు, "మన లైటు మనం వేసుకోడానికి ఎక్కడో ఉన్నవాడికి చెప్పడమేంట్రా" అన్నారు. నిజం చెప్పాలంటే దానికి నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు.

సరే, రూటర్ ఒకసారి చూద్దామని హాల్లోకొచ్చి, ఊరికే యాప్ తెరిస్తే టక్కున కనెక్ట్ అయింది! లైటు తెల్లగా చేశా, లోపల్నించి అమ్మ "ఆఁ, వచ్చింది" అంది. హమ్మయ్య అనుకుని లోపలికెళ్లి కూర్చుని, వెలుగు కాస్త తగ్గిద్దామని యాప్ తెరిస్తే మళ్లీ అదే మాట, బ్రిడ్జ్ దొరకలేదు. హాల్లోకి వస్తే దొరుకుతుంది, లోపలికెళ్తే దొరకదు, కారిడార్‌లో నిలబడితే దాని ఇష్టం.

ఇంకో వింత కూడా ఉంది, హాల్లో కనెక్ట్ చేసుకుని యాప్ మూయకుండా గబగబా బెడ్‌రూమ్‌లోకి పరిగెడితే కాసేపు పనిచేస్తుంది, నెమ్మదిగా నడిచొస్తే చెయ్యదు. దాంతో రాత్రిపూట ఫోన్ ముందుకి చాపి నేను ఆ గదికీ ఈ గదికీ పరుగులు, నాన్న సోఫాలో కూర్చుని "ఇంకొంచెం స్పీడుగా రా, ఇందాకటికన్నా లేటయింది" అని ప్రోత్సాహం.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి చాలా మర్యాదగా "సర్, బ్రిడ్జ్ ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యండి" అంది. రీసెట్ చేస్తే ఏమవుతుందంటే పెట్టుకున్న గదుల పేర్లు, టైమర్లు, సీన్లు (ముందే సెట్ చేసి పెట్టుకున్న రంగులూ వెలుగులూ) అన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, ఒక్కో బల్బునీ మళ్లీ మొదట్నుంచి కలుపుకోవాలి. దీనికి తోడు తమ్ముడు వచ్చి లెక్చర్ మొదలెట్టాడు. వైఫైలో ఒక బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్ అంట, జిగ్‌బీ కూడా అక్కడే 11 నుంచి 26 దాకా ఛానెళ్లు పెట్టుకుని కూర్చుంటుందంట, మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఆ చుట్టుపక్కలే కాబట్టి అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటాయంట. వాడు చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా తప్పు లేదు, కాకపోతే మా గోలకీ దానికీ సంబంధం లేదు. బల్బుకీ బ్రిడ్జ్‌కీ మధ్య తేడా వస్తే యాప్ బ్రిడ్జ్‌ని చూపించి ఫలానా బల్బు అందట్లేదని చెబుతుంది, నాన్న స్విచ్ కట్టేసినప్పుడల్లా అదే కదా వచ్చేది. ఇక్కడ ఏకంగా బ్రిడ్జే దొరకట్లేదు, అంటే తేడా ఫోన్‌కీ బ్రిడ్జ్‌కీ మధ్యే.

ఈలోగా పదకొండున్నర అయింది, ఇంట్లో లైట్లన్నీ టప్పున ఆరిపోయాయి. ఆ టైమర్ బ్రిడ్జ్‌లోనే సేవ్ అయి ఉంటుంది, దానికి ఫోన్‌తో పనిలేదు, ఎవరు ఎవర్ని వెతుక్కుంటున్నా దాని టైముకి అది ఆర్పేస్తుంది. చీకట్లో అమ్మ "నేను ఆర్పమన్నప్పుడు ఆరదు, వద్దన్నప్పుడు ఆరుతుంది, అచ్చం మీ నాన్నలాగే" అంది. సోఫా వైపు నుంచి చప్పుడు లేదు.

ఆ చీకట్లోనే ఫోన్‌లో వైఫై వివరాలు తెరిచా. హాల్లో నిలబడి చూస్తే ఐపీ అడ్రస్ (అంటే రూటర్ ఫోన్‌కి ఇచ్చే నంబరు) 192.168.1 తో మొదలవుతోంది, బెడ్‌రూమ్‌లోకెళ్లి చూస్తే 192.168.0. వైఫై పేరు అదే, పాస్‌వర్డ్ అదే, మధ్యలో ఒక్క అంకె మారింది. ఆ ఒకటి సున్నా అయిందంటే అడ్రస్‌లు పంచేవాడు ఇంట్లో ఇంకొకడున్నాడనే. అందరం తమ్ముడి వైపు తిరిగాం, చీకట్లో కనపడలేదు కానీ తిరిగాం.

వాడి గదిలో గేమ్ ఆడేటప్పుడు సిగ్నల్ ఆగిపోతోందని పోయిన వారం ఒక రూటర్ కొనుక్కొచ్చి, హాల్లో రూటర్ నుంచి తలుపు సందులోంచి కేబుల్ లాక్కుని, మంచం కింద పెట్టుకున్నాడంట. పేరూ పాస్‌వర్డూ పాతవే ఎందుకు పెట్టావురా అంటే "మళ్లీ మీరందరూ కొత్త పాస్‌వర్డ్ ఏంటని నన్ను చంపుతారని". వాడి గదికి బెడ్‌రూమ్ గోడ పక్కనే, నా ఫోన్ ఆ గోడ దగ్గరికి రాగానే పాత రూటర్‌ని వదిలేసి మంచం కింద రూటర్‌ని పట్టుకుంటోంది. పేరు ఒకటే కాబట్టి నాకు చెప్పదు, బయటికి నెట్ వస్తూనే ఉంటుంది కాబట్టి అనుమానమూ రాదు, కానీ "బ్రిడ్జ్ ఎక్కడున్నావ్" అని యాప్ వేసే కేక మాత్రం ఆ రూటర్ గడప దాటి హాల్లోకి పోదు. పరిగెత్తితే ఎందుకు పనిచేసిందంటే ఫోన్‌కి పాత రూటర్‌ని వదలబుద్ధి కాక కాసేపు పట్టుకుని వేలాడుతుంది, ఆ కాసేపట్లో మనం మంచం చేరాలి.

రూటర్ పీకేస్తానంటే తమ్ముడు ఏడుపు మొహం పెట్టాడు (ఫోన్ టార్చ్ వేసి చూశా). పీకక్కర్లేదు, దాని సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటుంది, అది పెడితే సొంతంగా అడ్రస్‌లు పంచడం మానేసి పాత రూటర్ చెప్పుచేతల్లోకి వచ్చేస్తుంది, సిగ్నల్ ఇవ్వడం మాత్రం ఇస్తుంది. పెట్టాం, రీస్టార్ట్ అయింది, బెడ్‌రూమ్‌లో మంచం మీద కదలకుండా కూర్చుని యాప్ తెరిస్తే బ్రిడ్జ్ దొరికింది. లైటు వేశా, తెల్లగా చేశా, తగ్గించా, పెంచా, అమ్మ మాత్ర వేసుకుంది.

కనెక్ట్ అయిన ఆనందంలో యాప్ కూడా ఆగలేకపోయింది, బల్బులకి కొత్త అప్‌డేట్ వచ్చింది అని చూపించింది. జిగ్‌బీలో అప్‌డేట్ అంటే నత్తనడక, అది అయ్యేదాకా బల్బులకి కరెంట్ తియ్యకండి అని కింద రాసుంది. ఆ ముక్క నేను ఇంట్లో అందరికీ వినపడేలా గట్టిగా చదివా. నాన్న శ్రద్ధగా విని, తలూపి, "సరే, పొద్దుపోయింది పడుకోండి" అంటూ లేచారు, హాల్లోంచి టేప్ పీకిన చప్పుడు వినపడింది.