సవరణ: డివైస్ నంబర్ అంటే పోర్టు నంబర్ కాదు

లైనక్స్‌లో యూఎస్‌బీ గురించి మొన్న పెట్టిన పోస్టులో, తగిలించిన యూఎస్‌బీ పరికరాల జాబితా ఇచ్చే ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్ చూపించే డివైస్ నంబరును బట్టి పెన్‌డ్రైవ్ ఏ పోర్టులో ఉందో చెప్పేయొచ్చని రాశాను. అది తప్పు, సరిచూసుకోకుండా రాసేశాను. ఆ నంబర్ పరికరం పెట్టిన ప్రతిసారీ కొత్తగా కేటాయించేది మాత్రమే. పెన్‌డ్రైవ్ తీసి మళ్లీ అదే పోర్టులో పెట్టినా 5 కాస్తా 6 అయిపోతుంది.

పోర్టు తెలియాలంటే సిస్‌ఎఫ్ఎస్‌లో (sysfs, పరికరాల వివరాలను లైనక్స్ ఫైళ్ల రూపంలో చూపించే చోటు) యూఎస్‌బీ డివైసుల ఫోల్డర్లో ఉన్న పేర్లు చూడాలి, కెర్నల్ (లైనక్స్ మూల ప్రోగ్రామ్) డాక్యుమెంటేషన్ చెప్పేదీ ఇదే. 1-2.3 అని ఉంటే 1వ బస్ (యూఎస్‌బీ పరికరాలు కలిసే దారి), దాని రూట్ హబ్‌లో (కంప్యూటర్లోనే ఉండే మొదటి హబ్) 2వ పోర్టు, అక్కడ తగిలించిన హబ్‌లో (ఒక పోర్టును చాలా పోర్టులుగా చేసేది) 3వ పోర్టు అన్నమాట. చివర :1.0 కనిపిస్తే అది ఇంకో పరికరం కాదు, అదే పరికరానికి 1వ కాన్ఫిగరేషన్‌లో (పరికరం పనిచేసే అమరిక) 0వ ఇంటర్‌ఫేస్ (అందులో ఒక పని చేసే భాగం).

ఇంకోటి, యూఎస్‌బీ 3 సాకెట్ బయటికి ఒకటే అయినా సిస్టమ్‌కి మామూలుగా రెండు పోర్టులు, యూఎస్‌బీ 2 బస్‌లో ఒకటి, 3 బస్‌లో ఒకటి. ఒకే సాకెట్లో నా పాత కీబోర్డు పెడితే 1-2 అని, యూఎస్‌బీ 3 హార్డ్ డిస్క్ పెడితే 2-1 అని వచ్చింది. ఇక్కడ కూడా నేను బోల్తా పడ్డాను.