టైర్లకు గాలి ఎందుకు దండగ?

కర్నూలులో కారు కొన్న మనిషి చేయాల్సినవన్నీ చేస్తాడు. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాడు, బంపర్‌కు నల్లతాడు కడతాడు, దసరాకు గుమ్మడికాయ కొడతాడు. ఇంత రక్షణ ఉన్న బండికి గాలి కూడా కావాలనడం అత్యాశ. అయినా ఈమధ్య కొందరు నెలకోసారి గాలి చూపించుకోండి, మైలేజీ వస్తుంది, టైర్లు మన్నుతాయి అంటూ తిరుగుతున్నారు. జనం నమ్మేలోపే గాలి తక్కువ టైర్ల తరఫున ఎవరో ఒకరు మాట్లాడాలి కదా.

పెట్రోలు బంకులో గాలి ఉచితంగా ఇవ్వాలని నిబంధన ఉంది. చిక్కంతా అక్కడే. ఊరికే వచ్చేదాని మీద మనకు గురి కుదరదు. అదే నైట్రోజన్ అంటే డబ్బులిచ్చి, ఆకుపచ్చ మూతలు బిగించుకుని గర్వంగా వస్తాం. మామూలు గాలిలోనూ 78 శాతం అదేనని ఎవరైనా చెబితే మొహం మాడ్చుకుంటాం. బంకులో మిషన్, కుర్రాడు ఇద్దరూ ఒకేసారి దొరికిన శుభదినాన జరిగే సంభాషణ ఇది:

"ఎంత పెట్టాల సార్?"

"మామూలుగా ఎంత పెడతారప్పా?"

"అందరికీ 35 సార్."

"అట్లయితే మాకూ అదే పెట్టు."

చిన్న కారైనా పెద్ద బండైనా, ఒక్కరే పోతున్నా ఏడుగురు ఇరుక్కున్నా అందరికీ 35 పీఎస్‌ఐ (టైరులో గాలి ఒత్తిడిని కొలిచే లెక్క). ఇంత సమానత్వం రేషన్ షాపులో కూడా చూడలేదు. డ్రైవర్ డోరు తెరిస్తే పక్కనే స్టిక్కర్ ఉంటుంది: ముందు టైర్లకు ఎంత, వెనక వాటికి ఎంత, బండి నిండా మనుషులుంటే ఎంత అని. దాన్ని చదవడమంటే ఆ కుర్రాణ్ని అవమానించడమే. బాగా చదువుకున్నవాళ్లు కొందరు టైరు మీద అచ్చేసిన అంకె చూసి అదే పెట్టించుకుంటారు. అది టైరు తట్టుకోగలిగిన గరిష్ఠ పరిమితి అయితే మాత్రం ఏం, అంకె పెద్దదిగా ఉంది కదా!

ఇక మా సీమ ఎండ. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప 40 డిగ్రీలు దాటితే అది వార్త కూడా కాదు. ఎండకు గాలి ఉబ్బుతుంది, టైరు పగులుతుంది, కాబట్టి వేసవిలో ఒక 5 తగ్గించి పెట్టాలి. ఇది మా టీ కొట్టు సైన్సు. ఉబ్బడం వరకు నిజమే. వేడి 5, 6 డిగ్రీలు పెరిగితే టైరులో సుమారు 1 పీఎస్‌ఐ పెరుగుతుంది. కానీ ఆ పెరుగుదలను ముందే లెక్కేసి, బండి కదలకముందు టైరు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాల్సిన అంకెనే స్టిక్కర్ మీద వేశారట. పైగా గాలి తగ్గిన టైరు తిరిగిన ప్రతిసారీ పక్కలు నలిగి నలిగి తనంతట తనే వేడెక్కుతుందట. బండి నిండా జనం, 44వ నంబరు హైవే, డోన్ దాటాక గుత్తి వైపు వందలో పరుగు. పగలకూడదని గాలి తీస్తే, తీసినందుకే పగులుతుంది. మనం మాత్రం రోడ్డు పక్కన నిలబడి, "చూసినావా, ఎండకు పగిలింది. ఇంకొంచెం తగ్గించాల్సింది" అంటాం. ఈ సిద్ధాంతాన్ని ఓడించడం ఎవరి తరమూ కాదు.

మనతో కలిసిరానివాళ్లు లారీ డ్రైవర్లే. డాబా దగ్గర దిగీ దిగగానే రాడ్డుతో ఒక్కో టైరునూ కొట్టి చప్పుడు వింటారు. ఆకలి కంటే ముందు టైరు గుర్తొచ్చే మనుషులతో వాదన పెట్టుకోలేం.

గాలి కొట్టించనివాడు దేశభక్తుడు కూడా. నాలుగు టైర్లలో ఒక్కో పీఎస్‌ఐ తగ్గితే మైలేజీ సుమారు 0.2 శాతం పడిపోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. 10 తగ్గితే 35 లీటర్ల ట్యాంకులో దగ్గర దగ్గర ముప్పావు లీటరు. దాని మీద పన్ను పోయేది ఖజానాకే. రెండు అంచులూ అరిగిపోయి నడుమ మాత్రం కొత్తగా కనిపించే టైరును ముందే మార్చాల్సి వస్తే, టైర్ల షాపాయన పిల్లల ఫీజు కూడా మన చలవే.

స్టెప్నీని మరిచిపోతే అన్యాయం. షోరూంలో కొట్టిన గాలి దాంట్లో ఇంకా భద్రంగా ఉందని మా గట్టి నమ్మకం. ఏమీ వాడకపోయినా నెలకు 1 పీఎస్‌ఐ దాకా పోతుందంటారు కానీ, మనం చూశామా పెట్టామా! తిరుపతి పోతూ ఆళ్లగడ్డ దాటాక టైరు పోతుంది. డిక్కీలోని సంచులు, చాపలు, పులిహోర డబ్బా అన్నీ రోడ్డు పక్కన దించి స్టెప్నీని బయటికి లాగుతాం. అదీ మెత్తగానే ఉంటుంది. మామ దాన్ని బొటనవేలితో ఒకసారి నొక్కి చూసి, "ఏం కాదులేప్పా, మైదుకూరు దాకా పోతుంది" అంటాడు.